బానెట్‌పై వదిలేసిన రెండు మరకలు

ప్రశ్న: మా అబ్బాయి ఆటోమొబైల్ డిప్లొమా పూర్తి చేశాడు. ఈసెట్ రాసి బీటెక్‌లో చేరమంటే వినడం లేదు. కార్ల పెయింట్‌పై నీటి మరకలు తీసి మెరుగుపెట్టే డిటైలింగ్ పనిలోకి వెళ్తానని, సిరామిక్ కోటింగ్ (పెయింట్‌పై వేసే రక్షణ పూత) ఫ్రాంచైజీకి 12 లక్షలు పెట్టమని అడుగుతున్నాడు. మా నల్ల కారును ఇన్నాళ్లూ బోరు నీటితోనే కడిగించాము. గత నెల వాడు రోజంతా దానిమీద పనిచేసి కూడా బానెట్‌పై రెండు మరకలు అలాగే వదిలేశాడు. అడిగితే, ‘మీటరు పెట్టి చూశాను, ఇంతకంటే రుద్దకూడదు నాన్నా’ అన్నాడు. ఇంట్లో కారు మీదే మరకలు తీయలేనివాడు వ్యాపారం ఏం చేస్తాడు? కొడుకు కార్లు కడుగుతున్నాడని బంధువులకు ఎలా చెప్పుకోవాలి? బీటెక్‌ను, ఈ పనిని పోల్చి చెప్పగలరు.
– ఒక తండ్రి, నల్లగొండ జిల్లా

జవాబు: మీరు ఫిర్యాదుగా రాసిన ఆ రెండు మరకల మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మీ అబ్బాయి గురించి మీ లేఖలో ఉన్న అన్నిటికంటే మంచి మాట అదే.

బోరు నీటిలో కరిగి ఉండే కాల్షియం, మెగ్నీషియం లవణాలు బకెట్ అంచుకు, గీజర్ కాయిల్‌కు తెల్లటి గారలా పట్టడం మీరు రోజూ చూస్తున్నదే. కడిగిన కారును తుడవకుండా ఎండలో వదిలేస్తే ప్రతి నీటిబొట్టూ అంచు నుంచి ఆరుతూ వస్తుంది, మిగిలిన కాస్త నీటిలో లవణాలు చిక్కబడతాయి, చివరకు తెల్లటి వలయం మిగులుతుంది. అది పైపూతగా ఉన్నంతవరకు వినెగర్ వంటి బలహీన ఆమ్లంతో తడిపి, కొద్దిసేపటికి కడిగేస్తే పోతుంది. నెలల తరబడి అలాగే వదిలేస్తే మాత్రం, వేడెక్కిన రేకుమీద ఆ చిక్కటి లవణం పెయింట్ పైనున్న పారదర్శకమైన క్లియర్‌కోట్‌ను తినేసి చిన్న గుంట చేస్తుంది. గుంటపడిన తరువాత కడగడానికి అక్కడ మరకంటూ ఏదీ ఉండదు. చుట్టూ ఉన్న క్లియర్‌కోట్‌ను గుంట అడుగు మట్టానికి అరగదీయడం ఒక్కటే దారి.

ఆ క్లియర్‌కోట్ మందం సాధారణంగా 40, 50 మైక్రాన్లు మాత్రమే. మన తల వెంట్రుక దానికంటే మందంగా ఉంటుంది. రంగును ఎండ నుంచి కాపాడేది ఆ పొరే కనుక, దాన్ని మితిమీరి అరగదీస్తే ఈ రోజు అద్దంలా మెరిసిన బానెట్ కొన్నేళ్లకు పొట్టు లేచినట్టు ఊడిపోతుంది. నేను ఈ పనిలోకి పంపిన ఒక విద్యార్థి దుకాణంలో ఒక పూటంతా కూర్చుని చూశాను. ముందు పెయింట్ మందం కొలిచే మీటరును బానెట్‌పై అరచేయంత దూరానికి ఒకచోట పెట్టి, అంకెలను సుద్దముక్కతో నేలమీద రాసుకున్నాడు. ఒక మూల జానెడు చోటు ఎంచుకుని, అన్నిటికంటే మెత్తని ప్యాడ్‌తో, మెత్తని పాలిష్‌తో ప్రయత్నించాడు, అది చాలనప్పుడే ఎక్కువ అరగదీసే గరుకు కాంపౌండ్ ముట్టుకున్నాడు. పని అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీటితో తుడిచి టార్చిలైటు వేసి చూశాడు. పాలిష్‌లోని నూనె గుంటలను కప్పి పోయినట్టే చూపిస్తుందని, ఆ నూనె తీసేస్తేనే అసలు సంగతి తెలుస్తుందని నాకు వివరించాడు. ఆ తరువాత కూడా రెండు మూడు చోట్ల నీడలా మిగిలిన వలయాలను చూపించి, ‘వీటిని తీస్తే పెయింట్ పోతుంది’ అని కారు యజమానికి చెప్పి ఒప్పించాడు. మీ అబ్బాయి ఎవరూ చెప్పకుండానే అదే చేశాడు. దాన్ని మీరు చేతకానితనం అన్నారు.

ఇక ఫ్రాంచైజీ సంగతి. సిరామిక్ కోటింగ్ మీద నాకున్న అనుమానాలను దాచుకోదలచుకోలేదు. అది మంచి పూతే, కడగడం సులువవుతుంది, మెరుపు నిలుస్తుంది. కానీ దాన్ని అమ్మేవారు చూపించే వీడియోల్లో నీరు ముత్యాల్లా గుండ్రంగా నిలబడుతుంది చూడండి, ఎండలో మరకపడేది సరిగ్గా అలా నిలబడి ఆరిపోయిన బొట్టుకిందే. పూత వేయించాం కదా అని తుడవడం మానేసిన కార్లకు ఆ పూతమీదే మరకలు పడతాయి. ఈ పూత గట్టిదనానికి గుర్తుగా చెప్పే ‘9హెచ్’ అంటే వజ్రమంత గట్టిదని చెబుతుంటారు. అది పెన్సిల్ ములికితో గీసి చూసే పరీక్షలోని కొలత మాత్రమే. పూతకింద మిగిలిపోయిన గుంటలు పోవు, ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. అంటే ఆ వ్యాపారంలో విలువంతా పూతకు ముందు జరిగే పనిలో ఉంది, ఫ్రాంచైజీలు ముఖ్యంగా అమ్మేది సీసాను, బోర్డును, పేరును. కొద్ది రోజుల శిక్షణతో, 12 లక్షల పెట్టుబడితో, నెలకింత సరుకు కొనాలన్న షరతుతో కూర్చున్న కుర్రవాడు అద్దె కట్టడం కోసం అవసరం లేని కారుకు కూడా పూత అమ్మవలసి వస్తుంది. ఈ ఒక్క విషయంలో మీ అబ్బాయిది తొందరపాటు, మీరు డబ్బు ఆపడం న్యాయం.

కానీ బంధువులకు ఏం చెప్పుకోవాలన్న మీ ప్రశ్న నన్ను బాధపెట్టింది, కనుక కొంచెం కఠినంగానే రాస్తున్నాను. ఏటా ఫలితాలు వచ్చే రోజుల్లో ఇదే ప్రశ్న రకరకాల లేఖల్లో నా దగ్గరకు వస్తుంది, పైకి కోర్సుల పోలికలా కనిపించినా లోపల ఉన్నది పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఎదురయ్యే చూపుల భయం. ఆ చూపులు ఒక పూట ఉంటాయి. ఇష్టంలేని తరగతి గదిలో కూర్చోవలసిన మూడేళ్లు మీ అబ్బాయివి. రోజంతా వంగి పనిచేసిన పిల్లవాడికి కనీసం ఒక మంచి మాట చెప్పారా అన్నది మీ లేఖలో లేదు.

పోల్చమన్నారు. వాహనాల డిజైన్, పరీక్షలు, తయారీ వైపు ఆసక్తి ఉంటే బీటెక్ బాగా ఉపయోగపడుతుంది, అందులో సందేహం లేదు. డిటైలింగ్‌లో మొదటి ఏళ్ల జీతం తక్కువ, నడుము నొప్పి ఎక్కువ, లేబుల్ లేని మరకల మందుల్లో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వంటి ప్రాణాంతక రసాయనం ఉండే ప్రమాదమూ ఉంది కాబట్టి గ్లౌజులు, కళ్లద్దాలు లేకుండా పని చేయించే చోట ఒక్క రోజు కూడా ఉండనివ్వకండి. అయినా ఈ రెంటిలో ఒకటి ఈ నెలలోనే తేల్చుకోకపోతే బతుకు చెడిపోతుందన్న కంగారు మీకు అక్కర్లేదు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద డిప్లొమా పూర్తిచేసినవారికి స్టైపెండ్‌తో ఏడాది అప్రెంటిస్‌షిప్ ఉంది. కార్ల డీలర్ల బాడీషాపులో పెయింట్ విభాగంలో అవకాశం వెతకమనండి. అక్కడ పెయింట్ వేయడం నేర్చుకున్నవాడికే ఎంత తీయవచ్చో చేతికి తెలుస్తుంది. ఏడాది తరువాత చదువు మీదికి మనసు మళ్లితే డిప్లొమా అర్హత ఎక్కడికీ పోదు, సొంత దుకాణమే కావాలంటే ముద్రా పథకం కిశోర్ విభాగంలో 5 లక్షల వరకు రుణం అడగవచ్చు, ఒక పాలిషింగ్ మెషిన్, ఒక మీటరు, మంచి లైట్లతో చిన్నగా మొదలుపెట్టవచ్చు.

ఈ ఆదివారం పొద్దున్నే, ఎండ ఎక్కకముందు, అతనితో కలిసి ఆ బానెట్ దగ్గర నిలబడండి. మీటరులో ఎంత చూపిందో, ఎక్కడ ఎందుకు ఆగాడో అడిగి, మధ్యలో అడ్డుపడకుండా వినండి. ఫ్రాంచైజీ ఒప్పందం నకలు నాకు పంపండి, చదివి చెబుతాను. అంతవరకు దానిపై సంతకం చేయకండి.