మ్యాపును గోడ మీంచి దింపు తల్లీ

చిరంజీవి పద్మకు మామయ్య ఆశీస్సులు.

డీఎస్సీలో సోషల్ స్కూల్ అసిస్టెంటు పోస్టు వచ్చిందనీ, కాకినాడ దగ్గర హైస్కూల్లో వేశారనీ మీ అమ్మ చెప్పింది. సంతోషమే, గుబులూ ఉంది. నువ్వు మెతకదానివి. జనవరి వచ్చేసరికి "సోషల్‌దేముందమ్మా, చదువుకుంటే వచ్చేస్తుంది" అంటూ పదో తరగతి లెక్కలకి నీ పీరియడు అడుగుతారు. తప్పక ఇస్తే, బదులు పీరియడు ఎప్పుడో టైంటేబుల్లో రాయించుకో.

లెసన్ ప్లాను, డైరీ బీఎడ్‌లో నేర్చినవే. గైడు చూసి నోట్సు చెప్పకు.

నా బెంగంతా మ్యాపు దగ్గరే. బోర్డు పక్కన మేకు ఎక్కడుంటే అక్కడ తగిలించేస్తారు. దాంతో పిల్లలకి ఉత్తరమంటే పైన, దక్షిణమంటే కింద అయిపోతుంది. గోడ దక్షిణం వైపుదైతే మరీ అన్యాయం. దాని ముందు నిలబడిన పిల్లాడి కుడిచెయ్యి పడమర, మ్యాపులో కుడివైపు తూర్పు. సముద్రం ఊరికి తూర్పున కనిపిస్తుంటే మ్యాపేమో పడమర చూపిస్తుంది! గోదావరి ఎక్కడ పుట్టిందంటే నాసిక్ దగ్గర త్రయంబకం అని గడగడా చెబుతాడు, అది ఏ దిక్కునుందో చెయ్యి చూపించమంటే ఇంటి కప్పు చూస్తాడు. పరీక్షలో మార్కులు పోవు కాబట్టి ఈ తప్పు పదో తరగతి దాకా ఎవరి కంటా పడదు.

మ్యాపు ఉత్తరపు గోడకి మార్పించు. కుదరకపోతే నేల మీద పరుచు. దిక్కు తేల్చడానికి ఆవరణలో మీటరు కర్ర నిటారుగా పాతి, నీడ కొస దగ్గర సున్నంతో చుక్క పెట్టించు. అరగంటాగి మళ్ళీ పెట్టించు. మొదటిది పడమర, రెండోది తూర్పు. సెప్టెంబరు 23 ప్రాంతంలో అయితే ఈ గీత సూటిగా తూర్పు పడమరలకి వస్తుంది. మే, జూన్‌లలో కాస్త వంకరపోతుంది. మ్యాపులో ఉత్తరాన్ని అసలు ఉత్తరానికి తిప్పి పరిచాక, నాసిక్ వైపు చెయ్యి చాపమను. పడమరకి కాస్త ఉత్తరంగా చాపితే పాఠం సగం అయినట్టే.

నీ అదృష్టం, మన దేశం గడియారాలకి ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం మీ కాకినాడ దగ్గరగానే పోతుంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 330 నిమిషాలు, అంటే గ్రీనిచ్ కన్నా మనం ఐదున్నర గంటలు ముందు. కంఠస్థం చేయించకు, బోర్డు మీద పిల్లల చేతే గుణించించు. అరుణాచల్‌కీ ద్వారకకీ సూర్యోదయం దాదాపు రెండు గంటలు ఎందుకు తేడానో వాళ్ళే చెబుతారు.

సివిక్స్ కూడా ఊళ్ళోంచే మొదలెట్టు. పంచాయతీల మీద చేసిన 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది 1993 ఏప్రిల్ 24న అని రాయించి వదిలేయకు. గ్రామసభలో సభ్యులెవరని అడుగు, వార్డు మెంబర్లంటారు. ఊరి ఓటరు జాబితాలో ఉన్న ప్రతివాళ్ళూ అని తెలిశాక, ఇంట్లో అమ్మ ఎప్పుడైనా వెళ్ళిందా అని కనుక్కు రమ్మను. చాలామంది తల దించుకుని వస్తారు, కసురుకోకు.

కర్ర పాతే రోజు పిల్లల్ని ఎండలో నిలబెట్టేవు సుమా! చుక్క పెట్టేవాళ్ళిద్దరు చాలు, మిగతావాళ్ళు వరండాలో ఉంటారు. నువ్వు కూడా వరసగా అయిదు పీరియడ్లు గొంతు చించుకోకు. మధ్యమధ్య పాఠం వాళ్ళచేత పైకి చదివించి, నువ్వు కూర్చుని మంచినీళ్ళు తాగు.

మీ మామయ్య