నల్లమలలో వైల్డ్‌లైఫ్ ఇంటర్న్‌షిప్ అంటే అసలు ఏం పని ఉంటుంది?

గుంటూరులో బీఎస్సీ జువాలజీ అయిపోయింది, అడవిలో ఇంటర్న్‌గా చేరితే ఏం చేయిస్తారు అని అడిగారు కదా, మనకి దగ్గర్లోదే నాగార్జునసాగర్ శ్రీశైలం టైగర్ రిజర్వ్, విస్తీర్ణంలో దేశంలోనే పెద్దది, దాన్ని బట్టే చెప్తా. నంద్యాల వెళ్లే రైలెక్కి మార్కాపురం రోడ్‌లో దిగితే, దోర్నాల దాటాక ఇక అడవే.

పని ఎక్కువ నడకే అండి. పొద్దున్నే బయల్దేరి పాదముద్రలు, పెంట, చెట్ల మీద గోళ్ల గీతలు వెతుక్కుంటూ ప్రతిదానికీ జీపీఎస్ పాయింట్ రాసుకోవాలి. కెమెరా ట్రాప్‌లు, అంటే ముందు ఏదైనా కదిలితే వాటంతటవే ఫోటో తీసే కెమెరాలు, దారికి రెండు పక్కలా ఎదురెదురుగా కడతారు, ఎందుకంటే పులి చారలు మన వేలిముద్రల్లాంటివి, పైగా కుడి పక్కవి ఎడమ పక్కవి ఒకేలా ఉండవు, ఒక పక్కే ఫోటో పడితే ఏ పులో తేల్చడం కష్టం. మోకాలెత్తులో కట్టి, ముందున్న గడ్డి కూడా కోసెయ్యాలి, లేకపోతే గాలికి ఊగినప్పుడల్లా ఫోటో పడి కార్డ్ నిండిపోద్ది. తర్వాత ఆ ఫోటోలన్నీ ఒక్కోటి చూసి ఏ జంతువో ఎక్సెల్‌లో ఎక్కించాలి, వాటిలో దుప్పులూ మేతకొచ్చిన పశువులే ఎక్కువ.

పులి కనపడుద్దని మాత్రం వెళ్లకండి. బేస్ క్యాంపుల్లో చెంచు వాచర్లు ఉంటారు, వంగిన గడ్డి చూసి ఏది ఎటు పోయిందో చెప్తారు, వాళ్ల వెనక నడిస్తే నేర్చుకునేది ఏ క్లాసులోనూ రాదు, ఇది గట్టిగా చెప్తున్నా.

చేరేముందు అటవీ శాఖ పర్మిషన్ ఎవరు తెస్తారు, తిండి, బస, స్టైపెండ్ సంగతేంటి అన్నీ మెయిల్‌లో రాయించుకోండి, లోపల సిగ్నల్ ఉండదని ఇంట్లో కూడా ముందే చెప్పండి.