కుండ సర్కారుదే అనుకుందాం, ఎముకలెవరివి?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురం దగ్గర సవర పల్లె. పోయినేడు రోడ్డు పనిలో జేసీబీ మా పెద్దలకు నాటిన రాళ్ల చోటును తవ్వేసింది. కుండలో ఎముకలు, పూసలు, ఇనప కత్తి దొరికితే అధికారులు మ్యూజియానికి పట్టుకుపోయారు. అవి మాకు తిరిగి వస్తాయా?

జవాబు: అమెరికాలో 1990లో వచ్చినట్టు, ఆదివాసుల అస్థికలను మ్యూజియాలు వాళ్లకే అప్పగించాలనే చట్టం మనకు లేదు. పూసలు, కత్తి మీద ఆశ పెట్టుకోకండి. 1878 నాటి నిధి చట్టం ప్రకారం భూమిలో దొరికిన వస్తువు విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పాలి. (ఆ పది ఇప్పటికీ పదే, రెండు టీలకు చాలదు.) కలెక్టరు నోటీసు వేసి ఉంటే, 4 నుంచి 6 నెలల మధ్య విచారణ తేదీ ఉంటుంది. అది దాటిపోయిందేమో ముందు కనుక్కోండి. వందేళ్లలోపు మీ తాతలే పెట్టారని చూపగలిగితే సివిల్ దావాకు గడువిస్తారు. ఆ రాయి ఎవరికి గువార్ (చనిపోయినవాళ్లకు రాయి నాటే సవరల కర్మ) చేసి నాటారో చెప్పగల ముసలివాళ్లుంటే, వాళ్ల మాట ఇప్పుడే రాయించి పెట్టుకోండి.

ఎముకల సంగతి వేరు. మీరు పంపిన జాబితా నకలులో ‘మట్టికుండ ఒకటి, లోపలి సామానుతో సహా’ అని ఉంది. చిక్కంతా ఆ ‘సామాను’లోనే. తాత ఎముకకు ధర కట్టి నిధి అనడం కుదరదని నా వాదన. కోర్టు ఒప్పుకుంటుందని హామీ ఇవ్వలేను గానీ, వాదించదగ్గ మాటే.

గ్రామసభ పెట్టి తీర్మానం చేయండి. ఆచారాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే అధికారం 1996 పెసా చట్టం (ఆదివాసీ ప్రాంతాల పంచాయతీ చట్టం) 4(డి) గ్రామసభకే ఇచ్చింది. 2013లో నియమగిరి బాక్సైట్ గని కేసులో సుప్రీంకోర్టు కొండమీద పూజా హక్కుల సంగతి తేల్చమని పల్లెసభలనే అడిగింది. రాయగడ, కలహండి జిల్లాల్లో 12 సభలు గని వద్దన్నాయి. అది గని తగవు, మీది ఎముకల తగవు. అయినా మీ జిల్లా తీర్పే కాబట్టి ఉదహరించండి.

తీర్మానం ఒడియాలో రాయించండి. తెలుగులో రాస్తే ఫైలు కదలదు. అడిగేది ఎముకలు మాత్రమే, అదే చోట పూడ్చడానికి అని స్పష్టంగా ఉండాలి. కొలతలు, ఫొటోలు తీసుకున్నాకే ఇమ్మనండి, మ్యూజియం వాళ్లకు బెంగ తగ్గుతుంది. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం 2019లో 9 వెడ్డా (శ్రీలంక ఆదివాసుల) పుర్రెలను శ్రీలంకకు తిరిగిచ్చిన సంగతీ చేర్చండి.

కాంట్రాక్టరు మీద భారతీయ న్యాయసంహిత 301 (సమాధుల చోట్లలో అక్రమంగా చొరబడటం) కింద కేసు పెడతామని బెదిరించకండి. కావాలనే తవ్వాడని రుజువు చేయాల్సి వస్తుంది, ఊరికే శత్రుత్వం.

ఈ వారమే ఆర్టీఐ వేయండి: ఆ కుండ ఏ గదిలో, ఏ నంబరుతో ఉంది, ఎముకలు ఇంకా దానిలోనే ఉన్నాయా? 30 రోజుల్లో జవాబు రావాలి. అది చూశాకే కటక్ హైకోర్టులో రిట్ సంగతి మాట్లాడదాం.