అతనితో సమానంగా తాగితే నాకే ఎందుకు ఎక్కుతోంది?

ప్రశ్న: నేను 20 ఏళ్ల అమ్మాయిని, డిగ్రీ చదువుతున్నాను. బరువు 46 కిలోలు. పార్టీల్లో నేనూ, 72 కిలోలుండే నా క్లాస్‌మేటూ రెండేసి పెగ్గులే తీసుకుంటాం. అతను మామూలుగానే ఉంటాడు. నాకేమో తల తిరిగి వాంతులవుతాయి. లావవుతానని ఆ రాత్రి భోజనం మానేస్తాను. పొద్దున తలనొప్పికి పారాసిటమాల్ 650 రెండు, తగ్గకపోతే జలుబు మాత్ర వేసుకుంటున్నాను. నా బరువుకు ఎంత తాగితే ఇబ్బంది ఉండదు? బరువు పెరిగితే తట్టుకోగలనా?

సలహా: మద్యం కలిసేది ఒంట్లోని నీటిలో, కొవ్వులో కాదు. బరువులో నీరు మగవాళ్లలో సుమారు 60 శాతం, ఆడవాళ్లలో దాదాపు సగం. ఆ లెక్కన మీలో 23 లీటర్లు, అతనిలో 43. అవే రెండు పెగ్గులకు మీ రక్తంలో ఆల్కహాల్ దాదాపు రెట్టింపు ఉంటుంది. మద్యాన్ని పొట్టలోనే కొంత విరగ్గొట్టే ఎంజైము కూడా స్త్రీలలో సాధారణంగా తక్కువ. కాబట్టి కొవ్వు పట్టి బరువెక్కితే ఒరిగేదేమీ లేదు. అతను మామూలుగా కనిపించడం అలవాటు వల్ల కావచ్చు, అలాగని బండి మాత్రం తీయనివ్వకండి.

మీ బరువుకు ఇంత తాగొచ్చని నేను రాయను. తిండి, తాగే వేగం, వాడే మందులను బట్టి అది మారిపోతుంది. ఖాళీ కడుపున తాగితే మద్యం గబగబా రక్తంలోకి చేరుతుంది, షుగర్ కూడా పడిపోవచ్చు.

నన్ను కలవరపెట్టింది పెగ్గులకన్నా మీ మాత్రలు. తాగడానికి బరువు లెక్క అడిగారు, మాత్రలకు ఎందుకు చూడలేదమ్మా? ఒక డోసుకు కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున మీకు 690. మీరు ఒకేసారి 1300 వేసుకుంటున్నారు. చాలా జలుబు మాత్రల్లోనూ పారాసిటమాల్ ఉంటుంది, అది అదనం. తిండి లేక, వాంతులై, తరచూ మద్యం పడే శరీరంలో పారాసిటమాల్ నుంచి పుట్టే విషపదార్థాన్ని కడిగేసే గ్లూటాథయోన్ నిల్వలు తగ్గిపోతాయి. అప్పుడు లివర్ దెబ్బతినే ముప్పు పెరుగుతుంది. మొదటి రోజు ఏమీ తెలియకపోవచ్చు కూడా. దీనికి బదులు ఐబుప్రొఫెన్ మింగుదామనుకోకండి, పొట్టలో రక్తస్రావం కావచ్చు.

పరీక్షించకుండా ఇంతకుమించి చెప్పలేను. ఇప్పటికి సొంత వైద్యం ఆపి, ఈ వారంలోనే ఫిజీషియన్‌ను కలవండి. అవసరమనిపిస్తే లివర్ ఫంక్షన్ టెస్టు రాస్తారు. కళ్లు పచ్చబడినా, కుడి డొక్కలో నొప్పి వచ్చినా, వాంతిలో రక్తం కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. వెళ్లేటప్పుడు మింగిన మాత్రల స్ట్రిప్పులన్నీ, ఆ జలుబు మాత్రతో సహా, వెంట తీసుకెళ్లండి.