టెక్ సందేహాలు: స్పాన్సర్ మారితే మన లినక్స్ ఏమవుతుంది?

లినక్స్ అంటే విండోస్‌లాగా కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్, రకరకాల పేర్లతో ఎక్కువగా ఉచితంగానే దొరుకుతుంది. దానికి డబ్బిచ్చేవాళ్లు మారినా, మానేసినా మన గతేంటి? ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో నాలుగు దాదాపు ఈ ఒక్క భయం చుట్టూనే తిరిగాయి. ప్రింటర్లు, ఫోన్ బ్యాటరీల సందేహాలు వచ్చే వారం చూద్దాం. ఈసారి చోటంతా వీటికే.

ప్రశ్న: డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూస్తుంటాను. మా సర్వర్‌లో ఇంకా సెంట్‌ఓఎస్ 7 అనే లినక్స్ ఉంది. ఆల్మాలినక్స్‌కి మారమని ఒకరు, రాకీ లినక్స్‌కి మారమని ఇంకొకరు అంటున్నారు. రెండూ ఏ ఒక్క కంపెనీవీ కావు, కమ్యూనిటీవే అంటున్నారు. సెంట్‌ఓఎస్‌నూ అలాగే అన్నారు కదా! మళ్లీ అదే జరగదని ఏమిటి నమ్మకం? (టెక్కలి నుంచి ఒక లెక్చరర్)

జవాబు: మాస్టారూ, ముందు తొందర పని చెబుతాను. సెంట్‌ఓఎస్ 7కి భద్రతా అప్‌డేట్లు 2024 జూన్ 30తో ఆగిపోయాయి. ఆ సర్వర్ బయటి ఇంటర్నెట్‌కి తెరిచి ఉంటే ఈ రోజే మూసేయండి. ల్యాబ్ లోపలి నెట్‌వర్క్ వరకే ఉంచండి. పిల్లల ప్రాజెక్టులు, డేటాబేస్ వేరే డిస్క్‌లోకి బ్యాకప్ తీసి, ఆ బ్యాకప్‌ను ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ను నమ్ముకుని ఏడ్చినవాళ్లను చాలామందిని చూశాను.

ఇక నమ్మకం సంగతి. రెడ్ హ్యాట్ కంపెనీ అమ్ముకునే ఎంటర్‌ప్రైజ్ లినక్స్ సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన అసలు రాత) తీసుకుని, ఆ కంపెనీ పేరు, గుర్తులు తీసేసి, మళ్లీ కంపైల్ చేసి ఉచితంగా పంచడం సెంట్‌ఓఎస్ చేసిన పని. 2004లో వాలంటీర్లు మొదలుపెట్టారు. అయిదేళ్లు తిరిగేసరికి ఒక వింత కష్టం వచ్చింది. వెబ్‌సైట్ డొమైన్, విరాళాలు వెళ్లే ఖాతా అన్నీ సహ వ్యవస్థాపకుల్లో ఒకరి చేతిలోనే ఉన్నాయి. ఆయనేమో పలకడం లేదు. 2009 జులైలో మిగతా డెవలపర్లు ఆయనకు బహిరంగ లేఖ రాయాల్సి వచ్చింది. ఆ తర్వాత కూర్చుని మాట్లాడుకున్నారు, సర్దుకుంది.

విజయనగరంలో మా వీధి యువజన సంఘానికీ ఒకప్పుడు అచ్చం ఇదే జరిగింది. వినాయక చవితి చందాల ఖాతా ఒక్కడి పేరు మీదే తెరిచాం. అతనికి ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లిపోయాడు. మంచివాడే, రూపాయి ముట్టుకోలేదు. కానీ ఆ ఏడాది పందిరివాడికి అడ్వాన్స్ ఇవ్వడానికి మా చేతిలో డబ్బు లేదు. మరుసటి ఏడు ఖాతాను ముగ్గురి పేరు మీదకి మార్చాం.

సెంట్‌ఓఎస్‌కి మాత్రం వేరే దారి దొరికింది. 2014 జనవరిలో రెడ్ హ్యాట్ సంస్థే దాన్ని దగ్గరికి తీసుకుంది. ముఖ్యమైన డెవలపర్లకు ఉద్యోగాలిచ్చింది. సర్వర్ల ఖర్చు పెట్టుకుంది. పేరు మీద హక్కు కూడా ఆ కంపెనీ చేతికే వెళ్లింది. అప్పట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు, నేనూ సంతోషించాను. దాదాపు ఏడేళ్ల తర్వాత, 2020 డిసెంబర్ 8న ఒక ప్రకటన వచ్చింది. 2029 దాకా అప్‌డేట్లు వస్తాయని జనం నమ్మిన సెంట్‌ఓఎస్ 8ని 2021 డిసెంబర్ 31కే ఆపేస్తామని.

ఇక్కడ ఎవరూ చట్టం దాటలేదు. పేరు వాళ్లది, జీతాలు వాళ్లవి, నిర్ణయమూ వాళ్లదే అయింది. కమ్యూనిటీకి మిగిలింది కోడ్ ఒక్కటే. ఎవరైనా వాడుకోవచ్చు, పంచుకోవచ్చనే లైసెన్స్ పుణ్యమా అని కోడ్‌ను ఎవరూ లాక్కోలేరు. అందుకే కొద్ది నెలల్లోనే ఆ వారసత్వం ఆల్మా, రాకీ అనే రెండు కొత్త పేర్లతో లేచి నిలబడింది.

కాబట్టి ఏ లినక్స్ గురించి ఎవరు చెప్పినా నేను మూడు సంగతులు అడుగుతాను. పేరు ఎవరిది? డబ్బు పెట్టె ఎవరి దగ్గరుంది? తాళాలు ఎవరి చేతిలో ఉన్నాయి? తాళాలంటే డొమైన్, సర్వర్లు, ప్యాకేజీల (మనం ఎక్కించుకునే సాఫ్ట్‌వేర్ మూటల) మీద డిజిటల్ సంతకం పెట్టే కీ. డబ్బు ఎవరిచ్చినా నాకు అభ్యంతరం లేదు. ఈ మూడూ ఒకే చేతిలో ఉంటేనే భయం. పేరు సంగతి చిన్నదనుకోకండి. 2024లో లినక్స్ అమ్మే సుసె కంపెనీ, ఏళ్ల తరబడి తన పేరుతోనే నడుస్తున్న ఓపెన్‌సుసె కమ్యూనిటీని పేరు మార్చుకోమని అడిగింది.

ఆల్మాను క్లౌడ్‌లినక్స్ అనే కంపెనీ మొదలుపెట్టింది. ఏటా పది లక్షల డాలర్లు ఇస్తామని మాట ఇచ్చింది. మొదటి వెర్షన్ 2021 మార్చి 30న వచ్చింది. తర్వాత పగ్గాలను లాభాపేక్ష లేని ఫౌండేషన్‌కి అప్పగించింది. ఆ ఫౌండేషన్ బోర్డును సభ్యులే ఓటేసి ఎన్నుకుంటారు. రాకీని మొదలుపెట్టిన గ్రెగరీ కర్ట్‌జర్ సెంట్‌ఓఎస్ తొలి రోజుల మనిషి. కన్నుమూసిన తన సహచరుడు రాకీ మెక్‌గా జ్ఞాపకంగా ఆ పేరు పెట్టారు. చదివినప్పుడు మనసు తడి అయింది. దాన్ని నడిపే సంస్థ అమెరికాలోని డెలావేర్‌లో పబ్లిక్ బెనిఫిట్ కార్పొరేషన్‌గా నమోదైంది. అంటే ప్రజాహితం లక్ష్యమని రాసుకున్న కంపెనీ. ముఖ్య స్పాన్సర్ అయిన సీఐక్యూ కూడా కర్ట్‌జర్ స్థాపించిందే.

రెండూ బాగానే పనిచేస్తాయి. రెంటిలోనూ 9వ వెర్షన్‌కి 2032 దాకా అప్‌డేట్లు ఉంటాయి. మీ ల్యాబ్‌కి నా ఓటు ఆల్మాకి. ఎన్నికైన బోర్డు ఒక కారణం. రెండోది మన కాలేజీల పరిస్థితి. రెడ్ హ్యాట్ 10వ వెర్షన్ పాత ప్రాసెసర్లను వదిలేసింది. ఆల్మా వాళ్లు ఆ పాత మెషిన్ల కోసం విడిగా ఒక బిల్డ్ తయారుచేసి ఇస్తున్నారు. కొత్త కంప్యూటర్ల కోసం ఫైలు కదిలి వచ్చేసరికి పిల్లల కోర్సే అయిపోయే చోట ఇది చాలా పెద్ద సాయం. సెంట్‌ఓఎస్ 7 నుంచి నేరుగా ఎక్కించే ఎలివేట్ అనే టూల్ ఉంది కానీ, బ్యాకప్ తీసి కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకోవడమే మేలు. దసరా సెలవుల్లో పెట్టుకోండి.

ప్రశ్న: బీటెక్ మూడో సంవత్సరం. నిక్స్‌ఓఎస్ అనే లినక్స్ నేర్చుకుంటున్నాను. స్పాన్సర్ విషయంలో అక్కడ పెద్ద గొడవ అయిందని, చాలామంది వెళ్లిపోయారని సీనియర్లు అంటున్నారు. కష్టపడి నేర్చుకున్నది వృథా అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. (విజయనగరం నుంచి ఒక విద్యార్థిని)

జవాబు: గొడవ నిజమే అమ్మా. 2023లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో నిక్స్ వాడేవాళ్ల వార్షిక సమావేశానికి, యుద్ధ పరికరాల టెక్నాలజీ తయారుచేసే ఆండురిల్ అనే కంపెనీ స్పాన్సర్‌గా వచ్చింది. మేం ఖాళీ సమయంలో రాసిన కోడ్ పక్కన ఆ లోగో వద్దని చాలామంది అన్నారు. చివరికి ఆ స్పాన్సర్‌షిప్‌ను వదులుకున్నారు. అక్కడితో అయిపోయిందనుకుంటే, 2024లో అమెరికాలో జరిగిన సమావేశానికి మళ్లీ అదే కంపెనీ, మళ్లీ అదే రగడ.

ఎందుకు మళ్లీ వచ్చింది? మొదటిసారి నిర్ణయం తీసుకున్నారే గానీ, ఇకమీదట ఎవరి డబ్బు తీసుకోవాలి, వద్దని చెప్పే అధికారం ఎవరిది అన్నది తేల్చుకోలేదు. ఆ కంపెనీ డబ్బు తీసుకోవచ్చనేవాళ్లలోనూ, వద్దనేవాళ్లలోనూ నిజాయితీ ఉన్నవాళ్లున్నారు. ఆయుధాల డబ్బు విషయంలో నా మనసు వద్దనేవాళ్ల వైపే ఉంటుంది. కానీ ఆ తగాదాను తీర్చే చోటు ఎక్కడా లేకపోవడం ప్రాజెక్టును ఎక్కువ దెబ్బతీసింది. పేరుకి ఫౌండేషన్ ఉంది. మాట చెల్లేది మాత్రం ఎక్కువగా వ్యవస్థాపకుడు ఎల్కో డోల్‌స్ట్రాదే అన్న అసంతృప్తి లోలోపల పేరుకుంది. 2024 ఏప్రిల్‌లో ఆయన తప్పుకోవాలంటూ బహిరంగ లేఖ వచ్చింది. ఆ నెలాఖరుకి ఆయన బోర్డు నుంచి తప్పుకుంటున్నట్టు చెప్పారు. కొందరు లిక్స్, ఆక్స్ అని వేరు కుంపట్లు పెట్టుకున్నారు. మిగిలినవాళ్లు కూర్చుని ఒక రాజ్యాంగం రాసుకున్నారు. కోడ్‌లో చేయి పెట్టినవాళ్లు ఓటేసి, 2024 చివర్లో ఏడుగురితో స్టీరింగ్ కమిటీని ఎన్నుకున్నారు.

మీ భయానికి జవాబు ఆ ఏడాది క్యాలెండర్‌లోనే ఉంది. నిక్స్‌ఓఎస్ ఏటా మే, నవంబర్ నెలల్లో కొత్త వెర్షన్ తెస్తుంది. 2024లో అంత రగడ నడుస్తున్నా, మే వెర్షన్ మేలోనే వచ్చింది, నవంబర్ వెర్షన్ నవంబర్‌లోనే వచ్చింది. పేర్లు బయటికి రాకుండా రోజూ ప్యాకేజీలు సరిచూసే వాళ్ల చలవ అది. నేర్చుకోండి. మీ కాన్ఫిగరేషన్ ఫైళ్లను గిట్‌లో (ఫైళ్లలో చేసిన మార్పులన్నీ దాచిపెట్టే టూల్) పెట్టుకోండి. రేపు వేరు కుంపటి పెట్టుకున్నవాళ్ల దగ్గరికి వెళ్లాల్సి వచ్చినా ఆ ఫైళ్లలో చాలా భాగం పనికొస్తుంది. వీలైతే ఒకటి రెండు ప్యాకేజీలు మీరే సరిచేసి పంపండి. ఈ జిల్లా నుంచి ఆ ఓటర్ల జాబితాలోకి ఒక ఆడపిల్ల పేరు ఎక్కితే నేను గర్వపడతాను.

ప్రశ్న: జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు నాది. విండోస్ 10కి అప్‌డేట్లు ఆగిపోయాయని మా మేనల్లుడు మూడు కంప్యూటర్లకి లినక్స్ మింట్ ఎక్కించాడు. ఇప్పుడు మా గుంటడు, ‘దానికి డబ్బులిచ్చేవాళ్లు మానేస్తే ఆగిపోద్ది’ అంటున్నాడు. పొద్దున్నే షాపు తెరిచేసరికి ఆగిపోతే నా గతేంటి? (రాజాం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఆగదండీ. మీ కంప్యూటర్‌లో ఎక్కిన సాఫ్ట్‌వేర్ మీదే. ఎవరు డబ్బు ఆపినా అది రేపు కూడా తెరుచుకుంటుంది, ప్రింట్ ఇస్తుంది. ఆగేవి కొత్త అప్‌డేట్లు. మింట్ 22 అయితే వాటికి 2029 దాకా భరోసా ఉంది. మింట్ నడిచేది విరాళాల మీద, చిన్నా పెద్దా స్పాన్సర్ల మీద. దాని పునాది కానానికల్ కంపెనీ తెచ్చే ఉబుంటు అనే లినక్స్. రేపు ఉబుంటు లేకుండా పోతే ఎలా అని మింట్ వాళ్లు ముందే ఆలోచించి, వాలంటీర్లు నడిపే డెబియన్ అనే లినక్స్ మీద ఆధారపడే ఇంకో మింట్‌ను పక్కనే నడుపుతున్నారు. అంత ముందుచూపు ఉన్నవాళ్లను నమ్మొచ్చు. ఒక్క జాగ్రత్త. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీల కోసం అను ఫాంట్లతో పని ఉంటే ఒక విండోస్ కంప్యూటర్ అట్టే పెట్టుకోండి, ఆ పని లినక్స్‌లో సాఫీగా సాగదు.

ప్రశ్న: రిటైర్డ్ తెలుగు పండితుణ్ని. ఏడాదిగా డెబియన్ వాడుతున్నాను. ఇంత మంచి వస్తువు ఉచితంగా తీసుకోవడం మనసుకి కష్టంగా ఉంది. నెలకి 200 రూపాయలు ఇవ్వగలను. పెద్ద కంపెనీలు కోట్లు ఇచ్చేచోట నా రెండొందలు ఏపాటి? (నరసన్నపేట నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను.

కంపెనీల డబ్బు అవసరమే. 2024 సెప్టెంబర్‌లో వాల్వ్ అనే గేముల కంపెనీ ఆర్చ్ లినక్స్‌కి రెండు పనులు చేయించుకోవడానికి సాయం ప్రకటించింది. ప్యాకేజీలు తయారుచేసే వ్యవస్థ ఒకటి, వాటి మీద సురక్షితంగా సంతకం పెట్టే ఏర్పాటు ఇంకొకటి. వాల్వ్ తన స్టీమ్ డెక్ అనే చేతిలో పట్టుకుని ఆడే గేమ్ యంత్రాన్ని ఆర్చ్ మీదే కట్టుకుంది, కాబట్టి అందులో దాని అవసరమూ ఉంది. అందులో తప్పేం లేదు. కాకపోతే కంపెనీ అవసరం తీరిన రోజున డబ్బు కూడా ఆగవచ్చు. మీ రెండొందల వెనక అలాంటి లెక్క లేదు. అలాంటి చిన్న చేతులు వేలల్లో ఉన్న ప్రాజెక్టు ఏ ఒక్క స్పాన్సర్‌కీ తల వంచక్కర్లేదు.

డెబియన్‌ను ఇయాన్ మర్డాక్ 1993లో మొదలుపెట్టాడు. మూడేళ్లకే నాయకత్వం వేరేవాళ్లకి అప్పగించాడు. 1998లో రాజ్యాంగం రాసుకున్నారు. ఏటా నాయకుణ్ని ఎన్నుకుంటారు. ఆ నాయకుడి నిర్ణయాన్ని కూడా డెవలపర్లు ఓటుతో తిరగదోడవచ్చు. విరాళాలను చూసుకోవడానికి లాభాపేక్ష లేని సంస్థలు విడిగా ఉన్నాయి. 2019లో నాయకుడి పదవికి గడువులోగా ఒక్కరూ నామినేషన్ వేయలేదు. గడువు పొడిగించారు, పోటీ జరిగింది, పని సాగింది. మర్డాక్ 2015లో చనిపోయాడు. ఆయన నాటిన చెట్టు మీ బల్ల మీదే ఉంది.

మన శ్రీకాకుళం కథానిలయాన్ని చూడండి. 1997లో కాళీపట్నం రామారావు మాస్టారు మొదలుపెట్టారు. రచయితలు, పాఠకులు పత్రికలు, పుస్తకాలు మోసుకొచ్చి ఇచ్చారు. 2021లో ఆయన వెళ్లిపోయారు. ఆ కథలు మాత్రం మనకి మిగిలే ఉన్నాయి. ఒక మనిషి ప్రేమతో పెట్టినదాన్ని నలుగురూ మోయగలిగేలా ముందే అమర్చిపెట్టడం ఎంత కష్టమో, ఎంత అవసరమో మీకు నేను చెప్పనక్కర్లేదు.

రెండొందలు తప్పకుండా పంపండి. దాంతోపాటు మీ దగ్గర డబ్బుకంటే విలువైనది ఒకటుంది, అది మీ తెలుగు. డెబియన్‌లో, దాని మీద నడిచే గ్నోమ్, కేడీఈ డెస్క్‌టాప్‌లలో తెలుగు మెనూలు ఉన్నాయి. కానీ చాలా చోట్ల అనువాదం సగంలో ఆగింది, కొన్ని చోట్ల చదివితే అర్థం కాదు. మన మాటలే రాతలో ఉండాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారి జిల్లా మనది. ఆయన పేరు మీదా, మా గురజాడ పేరు మీదా స్వేచ్ఛగా వాడుకునే తెలుగు ఫాంట్లు కూడా ఉన్నాయి. అవి ఎక్కించుకుని, కంప్యూటర్ భాషను తెలుగుకి మార్చి పదిహేను రోజులు వాడండి. తప్పుగా అనిపించిన ప్రతి మాటనీ, దాని పక్కన మీరైతే ఏమంటారో, ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. పది మాటలు పోగయ్యాక నాకు పంపండి. ఏ మాట ఏ ప్రాజెక్టుకి, ఎలా పంపాలో ఒక్కొక్కటీ వివరంగా రాస్తాను.