క్షయకరణ విభజనలో ‘క్షయ’ ఏమిటి?

ప్రశ్న: ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న మా అబ్బాయి జీవశాస్త్రంలో కణవిభజన పాఠంలో ‘క్షయకరణ విభజన’ అన్న మాట చూసి, దీనికీ క్షయ జబ్బుకీ సంబంధం ఉందా అని అడిగాడు. కెమిస్ట్రీలో కూడా క్షయకరణం ఉందట. పైగా ట్యూషన్ మాస్టారు ‘క్షయీకరణ’ అని రాయమన్నారట. పరీక్షలో ఏం రాయాలో తెలీక వాడికి టెన్షన్. ఏది సరైంది? కణవిభజనలో సమవిభజన అని ఇంకోటి కూడా ఉందట. కణం చీలడం ఈ రెండు విభజనల్లోనూ ఉన్నప్పుడు ఒకదాన్నే ‘సమ’విభజన అని ఎందుకన్నారు?

జవాబు: ‘క్షయకరణ’ అనే రాయమనండమ్మా. అదే సరైన రూపం.

క్షయ అనగానే మనకు టీబీ గుర్తొస్తుంది, అందులో బాబు తప్పేమీ లేదు, కానీ ఆ జబ్బుకు ఈ పేరు రావడానికి కారణం ఒళ్లు రోజురోజుకీ తరిగిపోవడమే. క్షయం అంటే తరగడం. చంద్రుడికి వృద్ధిక్షయాలు అంటాం, ఎంత వడ్డించినా తరగని పాత్ర అక్షయపాత్ర. పంచాంగం చూసే అలవాటు ఇంట్లో ఉంటే క్షయతిథి చూపించండి. ఒక సూర్యోదయం తర్వాత మొదలై మర్నాటి సూర్యోదయం లోపలే అయిపోయే తిథి అది, ఏ రోజు లెక్కలోకీ రాదు. కణవిభజనలో ఉన్నది కూడా ఇలా లెక్క తగ్గే క్షయమే. మన శరీర కణంలో 46 క్రోమోజోములు (వంశ లక్షణాలను మోసే పోగులు) ఉంటే, అండం, శుక్రకణం లాంటి బీజకణానికి వచ్చేసరికి 23 అవుతాయి. 1905లో ఫార్మర్, మూర్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్తలు ఈ విభజనకు ‘మియోసిస్’ అని పేరు పెట్టినప్పుడు తీసుకున్న గ్రీకు మాటకూ తగ్గించడమనే అర్థం. మనవాళ్లు అర్థం చెడకుండా తెచ్చారు.

కెమిస్ట్రీలో క్షయకరణం వేరే చర్య, మాట మాత్రం ఇదే. అక్కడ తగ్గేది ఆక్సీకరణ సంఖ్య, అంటే పరమాణువుకు లెక్కగట్టే ఆవేశం. ఫెర్రిక్ ఇనుము ఫెర్రస్ ఇనుము అయితే ప్లస్ 3 కాస్తా ప్లస్ 2 అవుతుంది. ఎలక్ట్రాన్ వచ్చి చేరుతుంటే క్షయం అంటారేమిటని పిల్లలు ఏటా తికమకపడే చోటు ఇదే. ఎలక్ట్రానుకు రుణావేశం కాబట్టి అది చేరితే ఆ సంఖ్య తగ్గుతుంది. ఏ పాఠంలో ‘క్షయ’ కనిపించినా ‘ఇక్కడ తగ్గుతున్నది ఏది?’ అని అడగడం అలవాటైతే చాలు, రెండూ ఎప్పటికీ కలిసిపోవు.

ఇక ‘క్షయీకరణ’. ముందు లేని స్థితికి ఒకదాన్ని తెచ్చినప్పుడు సంస్కృతంలో చివరి అకారం ఈకారమవుతుంది: స్థిరం కానిదాన్ని స్థిరం చేస్తే స్థిరీకరణ, సరళం చేస్తే సరళీకరణ. క్షయకరణలో అలా కాదు, క్షయాన్ని కలిగించడం అని నేరుగా షష్ఠీ సమాసం. నామకరణం చూడండి, దాన్నెవరూ నామీకరణం అనరు కదా. మాస్టారికి ‘క్షయీ’ ఎలా వచ్చిందో నాకు అర్థమవుతోంది, ఆక్సీకరణం, క్షయకరణం అని జంటగా చదివీ చదివీ మొదటి దానిలోని ఈకారం రెండో దానికి అంటుకుంటుంది.

‘సమ’ గురించి బాబు అడిగింది చాలా మంచి ప్రశ్న. సమం అన్నది ముక్కల గురించి కాదు, తల్లితో పోలిక గురించి. ఉల్లిపాయను నీళ్ల గ్లాసు మీద నిలబెడితే నాలుగు రోజుల్లో తెల్లటి వేళ్లు దిగుతాయి. ఆ వేరు కొనను రంగులో వేసి, స్లైడు మీద నొక్కి, మైక్రోస్కోపు కింద పెడితే ఒక కణంలో క్రోమోజోములు దారపు పోగుల్లా నడిమికి చేరి ఉంటాయి, పక్క కణంలో రెండు జట్లుగా విడి చెరో కొసకూ లాగినట్టు ఉంటాయి. తల్లి కణంలో 16, పుట్టిన రెండింటిలోనూ పదహారేసి. అందుకే సమవిభజన. అదే ఉల్లి పూత పూసినప్పుడు మొగ్గలో పుప్పొడి తయారయ్యే పరాగకోశాల్లో జరిగేది క్షయకరణం, అక్కడ నాలుగు కణాలు పుట్టి తలా ఎనిమిదే దక్కుతాయి. ఇందులో కణం వరుసగా రెండుసార్లు విడిపోతుంది. లెక్క సగమయ్యేది మొదటి విభజనలోనే, రెండోది సమవిభజన లాంటిదే.

నా మటుకు నాకు ఈ పేరులో ఒక లోటు కనిపిస్తుంది. ఎంత తగ్గుతుందో క్షయ చెప్పదు. ‘అర్ధీకరణ’ అని ఉంటే సగం అని తెలిసేది, కానీ అర్ధానికీ అర్థానికీ ఒత్తు మార్చి రాసేవాళ్లు ఇంతమంది ఉండగా అది ఇంకో చిక్కు. పోనీ తరుగు విభజన అందామా అంటే, బంగారం కొట్లో తరుగు అంటే పోయిన సొమ్మే. ఇక్కడ ఏదీ వృథాగా పోవడం లేదు. తల్లి నుంచి 23, తండ్రి నుంచి 23 కలిసి బిడ్డలో మళ్లీ 46 కావడానికే ఆ తగ్గడం. కాబట్టి ఉన్న మాటే ఉండనివ్వండి.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలనిపిస్తోంది. ఇంగ్లీషువాళ్లు విభజనలో పుట్టిన కణాలను కూతురు కణాలంటారు. మన పుస్తకాల్లో అవి ‘పిల్ల కణాలు’. అరటి బోదె పక్కన పిల్ల లేచినట్టు, ఎంత మన మాట!