మీరడిగారు: ఈసారి ఇన్‌రోలు, నెత్సుకేలు

ప్రశ్న: మా అబ్బాయి ఒసాకాలో ఉంటాడండి, అక్కడ పాత సామాన్ల షాపులో ఒక చిన్న నల్ల పెట్టె కొని తెచ్చాడు, నాలుగు అరలు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి, పైన బంగారంతో గడ్డిపూలు, మిడత. ఇన్‌రో అంటారట. మెరుపు తగ్గినట్టుంది, కొంచెం కొబ్బరినూనె రాసి తుడవచ్చా? ఇదీ మా ఏటికొప్పాక బొమ్మల లక్కేనా?
- ఒక పాఠకురాలు, అనకాపల్లి

జవాబు: నూనె మాత్రం వద్దమ్మా. ఏటికొప్పాక లక్క పురుగు నుంచి వచ్చేది, కొయ్య తిరుగుతుంటే ఆ రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. ఇది ఉరుషి అనే చెట్టు పాలు. ఆ చెట్టు మన మామిడి, జీడిమామిడి కుటుంబమే, పచ్చి పాలు ఒంటికి తగిలితే నల్లజీడి తగిలినట్టే పొక్కుతుంది, గట్టిపడ్డాక ఏ భయమూ లేదు. ఇంకో సంగతి, ఉరుషి ఎండలో ఆరదు, గట్టిపడాలంటే తేమ కావాలి, అందుకే పనివాళ్ళు తడిగా ఉంచిన అల్మరాలో పెట్టి, ఒక పూత గట్టిపడ్డాకే ఇంకో పూత వేస్తూ నెలల తరబడి చేసేవాళ్ళు. మీ గడ్డిపూలేమో తడి ఉరుషితో గీసి దాని మీద బంగారు పొడి చల్లినవి, ఆ పనిని మాకీఎ అంటారు. గట్టిగా రుద్దితే ముందు పోయేది ఆ పొడే, కాబట్టి మెత్తటి పొడి గుడ్డతో దుమ్ము దులపండి, అంతే చాలు. ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టకండి, నలుపు గోధుమరంగుకి తిరిగితే మళ్ళీ రాదు. ఏసీ గదిలో ఉంచితే అద్దాల బీరువాలో ఒక చిన్న గ్లాసుతో నీళ్ళు పెట్టండి, గాలి మరీ పొడిగా ఉంటే లోపలి కొయ్య కుంచించుకుపోయి పూత పగులుతుంది.

ప్రశ్న: ఇక్కడ ఒక ఎస్టేట్ సేల్‌లో తెల్లటి ఎలుక నెత్సుకే (ఇన్‌రో తాడుకి పెట్టే చిన్న చెక్కుడు బొమ్మ) చూశాను, కింద మసనావో అని సంతకం ఉందన్నారు. అసలుదో కాదో ఎలా తెలుస్తుంది, కొనచ్చా?
- ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: సంతకం ఆఖర్న చూడండి. క్యోటోలో నెత్సుకేలు చెక్కిన మసనావో పేరు 1781లో ఒసాకాలో అచ్చయిన పుస్తకంలోనే ఉంది, ఇసే యమాదా అనే ఊళ్ళో అదే పేరుతో తరాల తరబడి చెక్కినవాళ్ళు వేరే, ఇక ఆ పేరు చెక్కి అమ్మినవాళ్ళు ఎంతమందో! ముందు బొమ్మని తిరగేయండి. జపాన్‌లో ఎదో కాలం అనే రోజుల్లో (1603-1868) కిమోనోకి జేబులుండేవి కావు, మందులు పెట్టుకునే ఇన్‌రోని తాడుతో నడుముపట్టీకి వేలాడదీసి, తాడు జారకుండా పైన నెత్సుకే పెట్టుకునేవాళ్ళు. అంటే రోజంతా బట్టకి, చేతికి రాసుకునే వస్తువు, అందుకే మంచి పనివాడు తోకని కూడా ఒంటికి చుట్టి చెక్కేవాడు, బట్టకి తగులుకునే మొన ఉంచడు, పొట్ట కింద కాళ్ళ వేళ్ళు కూడా వదలడు. నాకు ఈ కళ మీద ఇంత ప్రేమ అందుకే, ఎవరికీ కనిపించని వైపు కూడా అంత శ్రద్ధ! తాడు రంధ్రాలు రెండుంటాయి, ముడి దూరడానికి ఒకటి తరచూ పెద్దగా ఉంటుంది, అంచులు అరిగి నునుపుగా ఉన్నాయా చూడండి. పోతపోసిన రెసిన్ అయితే భూతద్దంలో అచ్చు అతుకు గీత, గాలి బుడగలు దొరుకుతాయి. వేడి సూదితో గుచ్చి చూడమని ఎవరైనా చెబితే వినకండి, అసలుదైతే మీ చేతులారా పాడుచేసినట్టే.

ఇక తెలుపు సంగతి. అడ్డంగా కోసిన వైపు ఒకదాన్నొకటి దాటుకునే వంపు గీతలు కనిపిస్తే అది ఏనుగు దంతం కావచ్చు, అప్పుడు వదిలేయండి. మీ రాష్ట్రం 2014లోనే దంతం అమ్మకం, కొనుగోలు నిషేధించింది, ఇండియాకి తెచ్చుకుందామన్నా ఇక్కడా చిక్కే. బాక్స్‌వుడ్ కొయ్య నెత్సుకే వెతకండి, ఇసే యమాదా వాళ్ళు ఆ కొయ్యలో చెక్కిన కప్పల ఒంటి మీద బొడిపెలు చూస్తే దంతం గుర్తుకే రాదు మీకు.

ప్రశ్న: ఇన్‌రోలు, నెత్సుకేలంటే ఇష్టమే కానీ అంత డబ్బు పెట్టలేను, ఎక్కడ మొదలుపెట్టాలి?
- ఒక డిగ్రీ విద్యార్థిని, వరంగల్

జవాబు: కొనడం కన్నా ముందు చూడడం మొదలుపెట్టమ్మా. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో జపాన్ వస్తువులున్నాయి, ఓ పూటంతా ఆ గదుల్లోనే గడుపు. తర్వాత జపాన్ వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే పాత ఉరుషి సూప్ గిన్నె ఒకటి తెమ్మను, పేరున్న ఇన్‌రో కన్నా చాలా చవక, ప్లాస్టిక్ మీద రంగు పూసింది కాకుండా కొయ్యదే అడుగు. ఉరుషి ఎలా ఉంటుందో వేళ్ళకి తెలియాలంటే అదే మంచి దారి, అందులో రోజూ తినచ్చు కూడా, మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టకు.